ఎర్ర టిక్కు

చిట్టితల్లీ,

నిన్ను టీమ్ లీడ్ చేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మాట నువ్వే చెబితే నీ సొమ్మేం పోయిందే? సరేలే. సంతోషంతో కళ్లు చెమర్చిన మాట నిజం, రాత్రి నిద్రపట్టని మాటా నిజమే. నీ కింద పదకొండు మందట. "కింద" అన్న మాట రాశాక నాకే నచ్చలేదు, అయినా కొట్టెయ్యను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. అన్న టైముకి అన్న పని చెయ్యి. మెచ్చుకుంటే నలుగురిలో, మందలిస్తే విడిగా. లేనివాళ్ల గురించి ఉన్నవాళ్ల దగ్గర మాట్లాడకు. ఇవన్నీ అప్పట్లో నాకూ తెలుసు. తెలిసీ ఏం చేశానో విను, మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నేను అకౌంట్స్ సెక్షన్‌కి హెడ్ అయిన రెండో ఏడు. సంవత్సరాంతపు లెక్కల్లో ఒకచోట సున్నా ఎక్కువ పడింది. వేసింది కొత్తగా చేరిన కుర్రాడు. ప్రతి అంకెనీ ఓచరుతో సరిచూసి పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టాల్సింది నేను. ఆ సాయంత్రం ఇంటికెళ్లే తొందరలో, చూడకుండానే పేజీ పొడుగునా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. తర్వాత మీటింగులో పెద్దసారు ఆ కాగితం బల్లమీద పడేసి "ఎవరు చేశారిది?" అన్నారు. ఎనిమిది మందిమి ఉన్నాం. నా నోటివెంట ఆ అబ్బాయి పేరు ఎంత తొందరగా వచ్చిందో! తడుముకోనైనా లేదే తల్లీ. అతను కాగితం వైపు చూశాడు. తప్పు అంకె పక్కనే నా ఎర్ర టిక్కు. "మేడమ్ చూశారు కదా" అనొచ్చు. అనలేదు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి, "సారీ సార్" అన్నాడు.

ఆ తర్వాత నెలన్నర నా సెక్షన్ అంత ప్రశాంతంగా ఎన్నడూ లేదు. "ఇది కుదరట్లేదు మేడమ్" అంటూ వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు పని నడపడం వచ్చేసిందని మురిసిపోయాను. బ్యాంకు లెక్కకీ మా పుస్తకానికీ తేడా ఉందన్న సంగతి గడువుకి ముందురోజు సాయంత్రం బయటపడింది. మిగతా అందరికీ మూడు వారాలుగా తెలుసు.

చాలా ఏళ్లకి ఎమీ ఎడ్మండ్‌సన్ గురించి చదివాను, ఇప్పుడు హార్వర్డ్‌లో ప్రొఫెసర్. 1990ల్లో ఆవిడ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లు లెక్కగడితే, బాగా నడిచే బృందాల్లోనే ఎక్కువ తేలాయట. తీరా చూస్తే అక్కడివాళ్లు దాచుకోకుండా చెప్పేస్తున్నారు, అదీ తేడా. నా ప్రశాంతమైన నెలన్నర గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

అందుకే నీ టీమ్‌లో గొడవలున్నాయంటే నాకు బెంగ లేదు. "అంతా బాగుంది పెద్దమ్మా" అన్నావంటేనే గుండె దడ. చెడ్డ వార్త తెచ్చినవాళ్ల ముందు ఆ కనుబొమ్మ ఎత్తకు. మీ తాతయ్య పోలిక అది. అది చూసి నేనే మాట మింగేసిన రోజులున్నాయి. ముందు "చెప్పి మంచిపని చేశావు" అను, కోపం తర్వాతైనా పడొచ్చు.

పైవాళ్లు "ఎవరు?" అని అడిగే రోజు నీకూ వస్తుంది. అప్పటికప్పుడు మాట దొరకదు. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో ఫ్రాన్సు తీరాన నార్మండీ మీద దాడికి ముందు మిత్రసేనల సేనాధిపతి ఐసెన్‌హోవర్, ఒకవేళ ఓడితే ప్రకటించడానికని, తప్పంటూ ఉంటే అది నాదొక్కడిదే అని చీటీ రాసి పర్సులో పెట్టుకున్నాడు. జూన్ 5కి బదులు జూలై 5 అని తేదీ వేశాడు. అంతటివాడికీ కంగారే! నువ్వూ "నేను చూసే పంపాను సార్" అని అద్దం ముందు నాలుగుసార్లు అనుకో. నవ్వకు. దొంగలెక్కలు రాసినవాణ్ణి వెనకేసుకు రమ్మనట్లేదు, అది వేరే సంగతి.

ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పావా అంటావు. చెప్పాను, తొమ్మిది నెలలకి, అతను ఉద్యోగం మానేసిన రోజు, లిఫ్టు దగ్గర, ఎవరూ లేనప్పుడు. "అదేం లేదు మేడమ్" అన్నాడు. ఇంతలో లిఫ్టు వచ్చింది.

సోమవారం మొదటి మీటింగట కదా. రాత్రికి ఫోన్ చెయ్యి. ఎవరు నోరు విప్పకుండా కూర్చున్నారో అది చెప్పు నాకు. ఎంత ఆలస్యమైనా మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ