నికోటిన్ గమ్: తేడా నమిలే తీరులోనే

సిగరెట్ మానడానికి నికోటిన్ గమ్ వాడితే ఎక్కిళ్లు, ఛాతీలో మంట వస్తున్నాయి, సిగరెట్ మీద యావ మాత్రం తగ్గట్లేదు అన్నారు కదా. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేస్తున్నట్టున్నారండి. అలాగైతే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది. అది ఒంటబట్టాల్సింది నోటి లోపలి పొర నుంచి. మెల్లగా నమిలి, నాలుక చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగుళ్లకీ మధ్య పెట్టుకోండి. చురుకు తగ్గాక మళ్లీ కాస్త నమిలి రెండో బుగ్గన. ఒక్కోటి 30 నిమిషాలు. కాఫీ, కూల్‌డ్రింక్ గమ్ నమలడానికి 15 నిమిషాల ముందే ఆపేయాలి, వాటి ఆమ్లం నికోటిన్‌ను ఒంటబట్టనివ్వదు. నిద్రలేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించే అలవాటుంటే 2 మి.గ్రా. గమ్ చాలదు, 4 మి.గ్రా.ది కావాలి.

"ఒక వ్యసనం పోయి ఇంకోటి, మనోబలం ఉంటే చాలు" అనేవాళ్ల మాట వదిలేయండి. ఊపిరితిత్తుల్ని తినేసేది పొగ, తారు; గమ్‌లో అవి ఉండవు. గుండెజబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే.