సీరియల్ లైట్లు వేస్తే ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేడెక్కుతోంది: సమాధానం

తప్పు లైట్లది కాకపోవచ్చు. ఐదు సెట్లు వేశాక బాక్స్ వేడెక్కి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోందన్నారు, అదే బాక్స్‌కి రూమ్ హీటర్ కూడా పెట్టామని చివర్లో మామూలుగా రాసేశారు చూడండి, అసలు సంగతి అక్కడుంది. చిన్న ఎల్‌ఈడీ సెట్లు అన్నీ కలిపినా కొన్ని పదుల వాట్లే, హీటర్ ఒక్కటే 1500 నుంచి 2000 వాట్లు లాగుతుంది.

1. గోడ దగ్గర స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి. హీటర్ ఇకపై నేరుగా గోడ సాకెట్‌కే.

2. చాలామంది వదిలేసేది ఇదే. చల్లారాక ప్లగ్ పిన్నులు, బాక్స్ రంధ్రాలు టార్చ్ వేసి చూడండి. పిన్ను మొదట్లో గోధుమరంగు మచ్చో, రంధ్రం అంచు కాస్త కరిగినట్టో కనిపిస్తే పిన్నును పట్టుకునే లోపలి రేకు వదులైపోయిందన్నమాట. ఇక లోడ్ తగ్గించినా లూజైన చోట రెసిస్టెన్స్ పెరిగి మళ్లీ వేడెక్కుతుంది. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడలేదు కదా అని ధీమా వద్దు, అది కరెంటు పరిమితి దాటితేనో షార్టయితేనో పడుతుంది, ఈ వేడి దానికి తెలియదు. బాక్స్ పారేయండి (టేపు చుట్టి వాడటం నేనూ చేశాను, బుద్ధితక్కువ పని). గోడ సాకెట్టూ నల్లబడితే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

3. కొత్త బాక్స్ వైరు చుట్ట పూర్తిగా విప్పండి, తివాచీ కింద దూర్చొద్దు.

4. హీటర్‌కి, కర్టెన్లకి కనీసం మీటరు దూరం. పడుకునే ముందు లైట్లు, హీటర్ రెండూ ఆపేయండి.