‘నేను చెప్పినట్టు తెలియనివ్వకు’ అనే బాస్‌తో ఎలా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం కొత్త మేనేజర్ వచ్చారు. ‘సొంత చెల్లెలిలాంటిదానివి’ అంటూ అన్నీ అడిగేవారు. ఇంటి లోను బాధ, అత్తగారితో గొడవలు అన్నీ చెప్పుకున్నాను. కొన్నాళ్లకు అవే మాటలు లంచ్ దగ్గర వినిపించాయి. పక్క సీటు అక్క నా గురించి చెడుగా మాట్లాడుతోందని సారే ఒకరోజు చెప్పి, ‘నేను చెప్పినట్టు తెలియనివ్వకమ్మా’ అన్నారు. అప్పటినుంచి అక్కతో మాటలు లేవు. నోటితో ఒకటి చెప్పి, మీటింగులో ‘నేనెప్పుడన్నాను?’ అంటారు. ఇప్పుడేమో, అప్పుడప్పుడు నన్ను బస్టాండు దాకా బండి మీద దింపే తోటి ఉద్యోగితో నాకు ముడిపెట్టి మాట్లాడుకుంటున్నారు. ఆదివారం సాయంత్రం అయితే చాలు, కడుపులో తిప్పేస్తోంది. ఉద్యోగం మానేయమంటారా?

జవాబు: ‘నేను చెప్పినట్టు తెలియనివ్వకమ్మా.’ మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఈ మాటే. దీనివల్ల ఏం జరిగిందో చూడండి. అక్క నిజంగా ఏమైనా అన్నదో లేదో మీరు అడగలేరు. అడిగితే సార్‌కి ఇచ్చిన మాట తప్పినట్టవుతుంది. అడగకపోతే ఆ మాటే నిజమై కూర్చుంటుంది. ఇదే మాట మీ గురించి అక్కకీ చెప్పి ఉండొచ్చు. ఇలాంటి ఆఫీసులు నేను చాలానే విన్నాను. అందరూ ఒకరితో ఒకరు మాట్లాడటం మానేసి, ఒక్క మనిషి గదిలోకి మాత్రమే వెళ్లి వస్తుంటారు. ఎవరి గుట్టు ఎవరికి అందాలో ఆయన చేతుల్లోకి వెళ్లిపోతుంది.

కాబట్టి ముందు అక్క దగ్గరికి వెళ్లండి. మాట్లాడటం మానేసిన మీకు అదెంత కష్టమో నాకు అర్థమవుతోంది. నిలదీయడానికి వెళ్లవద్దు, ‘సార్ ఇలా చెప్పారు’ అని మొదలుపెట్టవద్దు. ఆ మాట సాయంత్రానికల్లా ఆయన గదికి చేరొచ్చు. క్యారేజీ తీసుకుని ఆమె పక్కన కూర్చోండి. ‘అక్కా, ఇన్నాళ్లూ నేనే దూరం పెట్టాను, తప్పు నాదే. నా గురించి ఏదైనా మనసులో ఉంటే నన్నే అడుగు, నీ గురించి ఏదైనా వింటే నేనూ నిన్నే అడుగుతాను’ అనండి. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. ఆమె వెంటనే కరగకపోతే నొచ్చుకోకండి, మర్నాడు కూడా అక్కడే కూర్చోండి.

సార్ మళ్లీ ఎవరి గురించైనా చాడీ మోసుకొస్తే, ‘అవునా సార్, అయితే ఆమెనే అడుగుతాను’ అని మామూలు గొంతుతో అనండి. ఒకటి రెండుసార్లు ఇదే జవాబు వస్తే, మీతో ఆ మాటలు వాటంతట అవే తగ్గుతాయి. ఇంటి సంగతులు అడిగితే ‘అంతా బాగానే ఉందండీ’ అని ఆపేయండి. మొదట్లో అన్నీ చెప్పుకున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఇంట్లో వినేవాళ్లు లేని సమయంలో బయట ఎవరో ప్రేమగా అడిగితే చెప్పుకుంటాం. నమ్మి చెప్పినదాన్ని బయటపెట్టడం ఆయన చేసిన తప్పు.

ఇక నోటి మాటల సంగతి. ఆయన ఏదైనా చెప్పి వెళ్లగానే రెండు లైన్ల మెయిల్ పెట్టండి. ‘సార్, ఇప్పుడు మాట్లాడుకున్నట్టు, ఫలానా రెండు బిల్లుల గురించి పార్టీతో మాట్లాడి చెబుతానన్నారు. జీఎస్టీఆర్-1 రిటర్నుకి 11వ తేదీ ఆఖరు కాబట్టి 9లోపు చెప్పగలరు.’ ఇందులో ఫిర్యాదు లేదు, కోపం లేదు. రేపు మీటింగులో ‘నేనెప్పుడన్నాను?’ అన్నప్పుడు మీరు ఏడుపు ఆపుకుంటూ వాదించాల్సిన పని ఉండదు, మెయిల్ తెరిస్తే చాలు. లెక్కల్ని తప్పుగా చూపించమని ఎప్పుడైనా అంటే మాత్రం ససేమిరా చేయవద్దు, అది మీ మెడకే చుట్టుకుంటుంది. తేదీ, మాట, ఎవరు ఉన్నారో ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసుకోండి. కంపెనీ ఫైళ్లు మాత్రం మీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. తప్పు మీమీదకే తిరుగుతుంది.

ఆ బండి పుకారు విషయంలో ఆలస్యం చేయకండి. మీ భర్తకి ఈ రాత్రే మీరే చెప్పండి. ఎవరు దింపుతారో, ఎన్నిసార్లు దింపారో, ఆఫీసులో ఏమనుకుంటున్నారో అన్నీ చెప్పండి. పరాయి నోటి నుంచి వింటే ఆయనకు వచ్చే మొదటి ప్రశ్న ‘నాకెందుకు చెప్పలేదు?’ అనే. పుకారుకి భయపడి ఆ తోటి ఉద్యోగితో ఉన్నట్టుండి మాట మానేయకండి, చూసేవాళ్లకు అదే ఇంకో కథ అవుతుంది.

స్త్రీని కించపరిచేలా లైంగిక అర్థం వచ్చే మాటలు ప్రచారం చేయడం కబుర్లతో సరిపెట్టుకునే విషయం కాదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే చట్టం 2013లో వచ్చింది. ఇష్టం లేని లైంగిక స్వభావమున్న మాటలు కూడా దాని కిందికి వస్తాయి. 10 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. చివరి సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు గడువు ఇవ్వొచ్చు. ఉద్యోగులు 10 మందికన్నా తక్కువ ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. వెంటనే ఫిర్యాదు పెట్టమని నేను అనడం లేదు. ఎవరు, ఏ రోజు, ఏ మాట అన్నారో ఆ నోటుబుక్కులో ఉంటే, ఆ దారి మీకు తెరిచే ఉంటుంది.

ఆదివారం సాయంత్రం కడుపులో తిప్పడాన్ని తేలిగ్గా తీసుకోకండి. నిద్ర కూడా పడటం లేదంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ. ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఉద్యోగం మానేయాలా అన్నారు. ఇంటి లోను ఉంది కాబట్టి ఇంకో చోట ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా ఇవ్వకండి. అలాగని అక్కడే పడి ఉండాలనీ చెప్పను. ఈ వారమే బయోడేటా సిద్ధం చేయండి, ఆరు నెలలు గడువు పెట్టుకోండి. అక్కతో మాటలు కలిసి, మెయిళ్లతో మీటింగులు నెమ్మదిస్తే ఉండండి, లేకపోతే నోటీస్ పీరియడ్ పూర్తిచేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని బయటికి రండి. కొత్తచోట ఇంటర్వ్యూలో ఈ సార్ ఊసు ఎత్తవద్దు. ఎనిమిదేళ్లలో ఎన్ని ఆడిట్లు చూశారో, ఎన్ని రిటర్నులు గడువులోపు వేశారో అది చెప్పండి.