కెమెరా స్క్రీన్ ఊరికే నల్లబడుతోందా? టేప్ అంటించే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మిర్రర్‌లెస్ కెమెరాని ఛాతీ దగ్గరో నడుము దగ్గరో పట్టుకుని స్క్రీన్ చూస్తూ ఫొటో తీస్తుంటే ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడి బొమ్మ వ్యూఫైండర్‌లోకి, అంటే కన్ను ఆనించి చూసే చోటికి వెళ్లిపోతోంది, కన్ను దగ్గరికొచ్చిందని పసిగట్టి ఇలా మార్చే ఐ సెన్సర్ జోరు కాస్త తగ్గించే దారి ఉందా, లేక దాని మీద నల్ల టేప్ ముక్క వేసేయమంటారా అని. టేప్ మాత్రం వద్దండి, ఎందుకో చెబుతాను.

నేను పెళ్లిళ్లకు క్యాండిడ్ తీస్తుంటాను, ఈ బాధ బాగా తెలుసు. తలంబ్రాలు మొదలవ్వగానే మనం మండపం అంచున మోకాళ్ల మీద కూర్చుంటాం, వెనక వీడియో అన్న లైటు పట్టుకుని మీదకు వస్తుంటాడు, పక్కన బంధువులు ఫోన్లు పైకెత్తి ఉంటారు, కెమెరాని పొట్టకి ఆనించి పైకి చూపించడం తప్ప వేరే చోటుండదు. సరిగ్గా అప్పుడే స్క్రీన్ ఆరిపోతుంది. పెళ్లికూతురు దోసిలెత్తేసింది, మనకేమో నల్ల అద్దం తప్ప ఏమీ కనిపించదు.

దాన్ని ఐ సెన్సర్ అంటారే గానీ దానికి కన్ను అంటే ఏంటో తెలియదు. వ్యూఫైండర్ అద్దం పక్కనో కిందో పైనో ఒక చిన్న నల్లటి కిటికీ ఉంటుంది చూడండి, దాని వెనక ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పంపే చిన్న ఎల్ఈడీ, తిరిగొచ్చిన వెలుగుని పట్టుకునే రిసీవర్ ఉంటాయి. ఎదురుగా ఏదైనా వస్తే వెలుగు దానికి తగిలి తిరిగొస్తుంది, కెమెరా దాన్ని ముఖం అనుకుంటుంది. ఎయిర్‌పోర్టులో చెయ్యి పెట్టగానే నీళ్లొచ్చే కుళాయి లాంటిదే, మీ చెయ్యా పక్కవాడి బ్యాగా అని అదీ చూడదు. అందుకే బొటనవేలు, పొట్ట, మెడలోంచి జారిన స్ట్రాప్, వాన కవర్, అన్నీ దానికి ముఖాలే. నల్ల చొక్కా వేసుకుంటే సరిపోతుందనుకోకండి, మన కంటికి నల్లగా కనిపించే బట్టల్లో చాలావాటి మీద ఇన్‌ఫ్రారెడ్ భేషుగ్గా తిరిగొస్తుంది.

మరి అంత దూరం నుంచే ఎందుకు పట్టుకుంటుందంటే, కళ్లద్దాలవాళ్ల కన్ను వ్యూఫైండర్‌కి పూర్తిగా ఆనదు కదా, వాళ్లక్కూడా పనిచేయాలి, పైగా కన్ను చేరేలోపే బొమ్మ వెలిగి ఉండాలి. కాబట్టి కంపెనీలు కాస్త ఉదారంగానే పెడతాయి. ఇదేమీ కొత్త గోల కూడా కాదు. 2006లో వచ్చిన సోనీ ఆల్ఫా 100 డీఎస్ఎల్ఆర్‌లో ఐ స్టార్ట్ అని ఉండేది, కన్ను దగ్గరికి రాగానే ఫోకస్ మొదలుపెట్టేది, మెడలో వేలాడుతున్నప్పుడు చొక్కా తగిలినా అదే పని. అప్పట్లోనూ మెనూలోకి వెళ్లి దాన్ని ఆపేసుకున్నవాళ్లు చాలామంది.

సరే, మీ దానికి వద్దాం. ముందు తప్పు సెన్సర్‌దా, వాడకానిదా తేల్చుకోండి. గదిలో కెమెరాని టేబుల్ మీద పెట్టి, స్ట్రాప్ పక్కకి తీసేసి, వెనక వైపు ఏమీ లేకుండా ఆన్ చేయండి. స్క్రీన్ చక్కగా వెలిగే ఉండి, చెయ్యి రెండు మూడు అంగుళాల దగ్గరికి తెచ్చినప్పుడే ఆరితే సెన్సర్ బాగున్నట్టే, దాన్ని ఎప్పుడు పనిచేయించాలో మనం చెప్పుకోవాలి అంతే. ఎదురుగా ఏమీ లేకపోయినా ఆరిపోతుంటే కిటికీ మీద మురికి ఉంది, లేదా ఐకప్ (వ్యూఫైండర్ చుట్టూ ఉండే రబ్బరు అంచు) అడ్డొస్తోంది. గదిలో బాగుండి బయట ఎండలో మాత్రమే తిక్కగా చేస్తే, ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, అది నేరుగా కిటికీలో పడి సెన్సర్ తికమక పడుతోందని అర్థం. వీపు సూర్యుడి వైపు పెట్టి తీసేటప్పుడు కెమెరా వెనక భాగాన్ని మన ఒంటి నీడలో ఉంచితే ఇది చాలావరకు తగ్గుతుంది, కానీ మరీ దగ్గరికి లాక్కుంటే మళ్లీ మన చొక్కానే పట్టుకుంటుంది, కాబట్టి ఎండలో ఆటో మోడ్ (సెన్సర్‌ని బట్టి స్క్రీన్, వ్యూఫైండర్ వాటంతటవే మారడం) మీద ఆశ పెట్టుకోకండి.

మురికి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మా ఫ్రెండ్ ఒకతని కెమెరాకి స్క్రీన్ అసలు వెలగడమే మానేసింది, ఎక్కడో చూపిస్తే పార్ట్ మార్చాలన్నారట. నా దగ్గరికి తెస్తే ఐకప్ పైకి లాగి తీశాం. సందులో అక్షింతల గింజ ఒకటి ఇరుక్కుని ఉంది, కిటికీ మీద పసుపూ ముఖం పౌడరూ ముక్కు జిడ్డూ కలిసి పల్చటి పొరలా గట్టిపడిపోయాయి. బ్లోయర్‌తో ఊది, ఇయర్ బడ్ కొసకి లెన్స్ క్లీనర్ ఒక చుక్క అద్ది మెల్లగా తుడిచాం, స్క్రీన్ వెలిగింది. ద్రవం ఏదైనా బడ్ మీదే వేయండి, కెమెరా మీద నేరుగా కొట్టకండి, గోటితో గీకకండి. నోటితో ఊదడం కూడా మానేయండి, తుంపర పడితే మళ్లీ మొదటికొస్తుంది.

ఐకప్ కూడా చూడండి. కళ్లద్దాలవాళ్ల కోసమని ఆన్‌లైన్‌లో దొరికే పెద్ద రబ్బరు ఐకప్‌లు కొన్ని ఆ కిటికీ అంచుని కాస్త కప్పేస్తాయి, లేదా స్క్రూ గాని గాడి గాని వదులై కిందికి జారతాయి. అది తీసేసి ఒకసారి పరీక్షించండి, బాగైతే దోషి దొరికినట్టే. టేప్ వద్దన్నదీ ఇందుకే. కిటికీకి అంటుకున్న టేప్ నుంచి కూడా వెలుగు తిరిగొస్తుంది, అంటే చాలా కెమెరాల్లో స్క్రీన్ ఆరకుండా ఉండడం పోయి, అసలు వెలగనే వెలగదు. సగం కిటికీకి అంటించి కుదిరిందనేవాళ్లూ ఉన్నారు గానీ, ఎండకి ఆ గమ్ము కరిగి కిటికీ మీద పాకితే తుడవలేక చావాలి.

ఇక అసలు మందు మెనూలో ఉంది. సెన్సిటివిటీని నేరుగా తగ్గించే ఆప్షన్ పానాసోనిక్ లూమిక్స్ బాడీల్లో (లెన్స్ కాకుండా కెమెరా వరకే బాడీ అంటాం) చాలావాటికి ఉంటుంది, ఐ సెన్సర్ అనే చోట హై, లో అని కనిపిస్తాయి, లో పెట్టండి. ఇంత చిన్న సౌకర్యం అందరూ ఎందుకివ్వరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మిగతావాటిలో ఆటోని ఆపుకోవడమే. సోనీలో ఫైండర్/మానిటర్ అనే సెట్టింగ్ ఉంటుంది, ఆటో తీసేసి మానిటర్ మాన్యువల్ పెట్టుకోండి. కానన్ ఆర్ సిరీస్‌లో స్క్రీన్, వ్యూఫైండర్ డిస్‌ప్లే సెట్టింగ్‌లో మాన్యువల్ గాని, నేరుగా స్క్రీన్ అని గాని ఉంటుంది, ఇటీవలి బాడీల్లో ఆటో 1 అని ఇంకోటి కూడా ఉంది, స్క్రీన్ బయటికి తెరిచి ఉన్నంతసేపు స్క్రీనే వాడుతుంది, మీలాంటి నడుము ఎత్తు షూటింగ్‌కి అది చాలు. ఫుజీలో వ్యూ మోడ్ అని చూడండి, ఐ సెన్సర్, ఈవీఎఫ్ ఓన్లీ (వ్యూఫైండర్ మాత్రమే), ఎల్‌సీడీ ఓన్లీ (స్క్రీన్ మాత్రమే) ఇలా వస్తాయి. నికాన్ జెడ్ బాడీల్లో చాలావాటికి వ్యూఫైండర్ గూడు పక్కనే మానిటర్ మోడ్ బటన్ ఉంటుంది, మెనూలో మనకి అక్కర్లేని మోడ్‌లకి టిక్ తీసేస్తే ఒక్క నొక్కుకి ఇటు, ఇంకో నొక్కుకి అటు మారుతుంది.

కానీ ప్రతిసారీ మెనూలో వెతుక్కుంటే పెళ్లి అయిపోతుంది. అందుకని నేను చెప్పేది, ఏ కెమెరా అయినా వ్యూఫైండర్, స్క్రీన్ మార్చే పనిని ఒక బటన్‌కి ఇచ్చేయండి. సోనీ, కానన్‌లలో కస్టమ్ బటన్ సెట్టింగ్‌లో ఆ పని దొరుకుతుంది, లూమిక్స్‌లో ఇదే పని చేసే ఎల్‌వీఎఫ్ అనే బటన్ చాలా బాడీల మీద తయారుగానే ఉంటుంది. బొటనవేలికి అందే బటన్‌కే ఇవ్వండి, ముందు వైపున్న బటన్‌కి ఇస్తే హడావిడిలో వేలు వెతుక్కుంటుంది. నేను ఇలా మార్చుకున్నాక ఆటో వైపు మళ్లీ వెళ్లలేదు. మొదట్లో కన్ను పెట్టి చూస్తే చీకటిగా ఉండి చిరాకేస్తుంది, తర్వాత వేలు దానంతటదే నొక్కేస్తుంది.

ఇంకో మాట, ఇది తెలియక టెన్షన్ పడేవాళ్లని చాలామందిని చూశాను. పొరపాటున వ్యూఫైండర్ ఓన్లీలో పడితే స్క్రీన్ పూర్తిగా చచ్చినట్టు ఉంటుంది, మెనూ నొక్కినా ఏమీ రాదు. కంగారుపడి షాపుకి పరుగెత్తకండి, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి మెనూ నొక్కండి, మెనూ అక్కడే కనిపిస్తుంది, అక్కడి నుంచే మార్చుకోవచ్చు.

తుడిచి, ఐకప్ తీసి, సెట్టింగ్‌లు రీసెట్ చేసినా ఆటోలో తిక్కగానే ఉంటే సెన్సరో దాన్ని కలిపే పల్చటి ఫ్లెక్స్ కేబులో పోయి ఉండొచ్చు. యూట్యూబ్ చూసి టాప్ కవర్ విప్పే సాహసం మాత్రం చేయకండి, ఫ్లాష్ ఉన్న బాడీ అయితే లోపలి కెపాసిటర్ గట్టిగా షాక్ కొడుతుంది. వారంటీ ఉంటే ఇచ్చేయండి. లేకపోతే ముందు ఎస్టిమేట్ అడిగి, మాన్యువల్‌లో బటన్‌తో నెట్టుకురావడం కుదురుతుందేమో చూసుకుని అప్పుడు ఖర్చు పెట్టండి. మీ మోడల్ ఏదో చెబితే బటన్ ఎక్కడ సెట్ చేయాలో వివరంగా రాస్తాను.