సంతోషాన్ని ‘ఎంచుకోవడం’ తెలుగేనా?

ప్రశ్న: మా చర్చిలో ఆదివారం సాక్ష్యం చెబుతూ, చాలా ఏళ్ళుగా కీళ్ళవాతంతో బాధపడుతున్న ఒక అక్క ‘‘నొప్పులు పోలేదు. అయినా ప్రభువునందు నేను సంతోషాన్నే ఎంచుకున్నాను’’ అన్నారు. ఆ మాటను చర్చి పత్రికలో వేద్దామనుకున్నాం. తెలుగు మాస్టారుగా రిటైరైన మా మామయ్య చూసి, ‘‘చీరను ఎంచుకుంటారు, పెళ్ళికొడుకును ఎంచుకుంటారు. సంతోషాన్ని ఎంచుకోవడమేందమ్మా? ఇది ఇంగ్లీషు మాట’’ అన్నారు. బైబిల్లోని యాకోబు పత్రికలో (లేఖలో) ‘అది మహానందమని యెంచుకొనుడి’ అని ఉంది కదా అంటే నవ్వి ఊరుకున్నారు. ఎవరిది ఒప్పు? ‘యెంచు’ అని రాయాలా, ‘ఎంచు’ అనా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మీ మామయ్యగారు ఊరికే నవ్వలేదమ్మా. యాకోబు వాక్యంలో ‘ఎంచుకొనుడి’ అంటే సెలెక్ట్ చేసుకోండి అని కాదు. ఎంచడం అంటే లెక్కపెట్టడం, ఫలానాగా లెక్కలోకి తీసుకోవడం, భావించడం. దీనికి తోబుట్టువు ‘ఎన్ను’. వేమన ‘తప్పులెన్నువారు’ అన్నది తప్పులు లెక్కపెట్టేవాళ్ళనే. గురజాడ ‘ఎంచి చూడగ రెండె కులములు’ అన్నదీ ఆలోచించి చూస్తే అనే. ‘వాణ్ణి తక్కువగా ఎంచొద్దు’ అని ఇప్పటికీ అంటున్నాం. పదిమందినీ లెక్కలోకి తీసుకున్నవాడు చివరికి ఒకణ్ణి పక్కకు తీస్తాడు కాబట్టి, ఏరుకోవడమనే అర్థమూ దీనికి వచ్చి చేరింది. ఎన్నికలు అందులోంచి వచ్చినవే.

ఎక్కడ ఏ అర్థమో తెలియాలంటే క్రియకు ముందున్న మాట చూడండి. ‘అని’, ‘గా’ ఉంటే భావించడం. అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి ‘నీతిగా ఎంచబడెను’ అని రోమా పత్రికలో ఉంది. నీతి కింద జమకట్టారని దానర్థం. ‘ని’, ‘ను’ ఉంటే సాధారణంగా ఏరుకోవడం: ఈ దారిని ఎంచుకున్నాడు, ఆ కోర్సును ఎంచుకుంది.

యాకోబు వాడింది ‘అని’. శోధనల్లో, అంటే కష్టాల పరీక్షల్లో, పడ్డప్పుడు దాన్ని మహానందంగా లెక్కవేసుకోమన్నాడు. శోధనను పక్కనపెట్టి ఆనందాన్ని తీసుకోమనలేదు. కీళ్ళవాతం ఉన్న మనిషికి ఆ పక్కనపెట్టే వీలు ఎక్కడుంది? పౌలు లెక్కా ఇలాంటిదే: ‘ఇప్పటి కాలపు శ్రమలు ఎన్నతగినవి కావని యెంచుచున్నాను’. ఎన్ను, ఎంచు రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి చూడండి. శ్రమలు లేవని ఆయన అనలేదు, రాబోయే మహిమ ముందు అవి లెక్కకు రావన్నాడు.

శ్రమ అనే మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. మన నెల్లూరు, ఒంగోలు విశ్వాసులు ‘శ్రమల్లో ఉన్నాం, ప్రార్థన చేయండి’ అంటే కష్టాల్లో ఉన్నామని. బయటివాళ్ళకు శ్రమ అంటే పని. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి పని చూపించాడు. ఆ కాలువలో మట్టి మోసినవాళ్ళ దగ్గర ఈ రెండర్థాల తేడా చెప్పబోతే మనల్ని చూసి నవ్వేవాళ్ళు.

యాకోబు మాటకు అర్థం వేరైనంత మాత్రాన ఆ అక్క మాట తప్పనను. నొప్పి విషయంలో తెలుగువాడు కర్త కాడు. ‘నాకు నొప్పిగా ఉంది’ అంటాడు. ‘నొప్పిస్తున్నాను’ అంటే ఇంకొకరిని బాధపెడుతున్నానని అర్థం మారిపోతుంది. సంతోషం అలా కాదు. ‘నాకు సంతోషంగా ఉంది’ అనీ అనొచ్చు, ‘నేను సంతోషిస్తున్నాను’ అనీ అనొచ్చు. పైగా ‘సంతోషించు’ అని ఆజ్ఞ కూడా వేయొచ్చు. జారిపడ్డవాడితో ‘కాలే గదా బెణికింది, నడుం ఇరగలా, సంతోషించు’ అని మన పెద్దమ్మలు అంటూనే ఉంటారు. వాడప్పుడు మూలుగుతూనే ఉంటాడు, అయినా ఆ మాట మనకు వింతగా వినిపించదు. ‘తోషం’లో తృప్తి ఉంది, ‘ఉన్నదాంతో సంతోషించు’ అన్నప్పుడు తెలిసేది అదే. ఖైదులో ఉన్న పౌలు ఫిలిప్పీయులకు ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అని రాశాడు. తనంతట తాను వచ్చి పడేదాని గురించి అలా ఆజ్ఞ ఇవ్వడం కుదరదు.

కాబట్టి ‘సంతోషాన్నే ఎంచుకున్నాను’లో ఇంగ్లీషు వాసన ఉన్న మాట నిజమే కానీ, తెలుగు వ్యాకరణం దానికి అడ్డు చెప్పదు. యాకోబు వాక్యాన్ని మాత్రం దానికి సాక్ష్యంగా చూపకండి. పత్రికలో వేసేటప్పుడు ‘నొప్పులు పోలేదు’ అన్న ముక్కను కుదించే పనిలో కొట్టేయకండి, ఆమె చెప్పినదంతా దాని మీదే నిలబడి ఉంది. ఇంకోటి. ‘ఎంచుకున్నాను’ అని ఆమె అంటే బాగుంది. రాత్రంతా మోకాళ్ళు సలిపి కన్ను మూతపడని మనిషితో మనం ‘సంతోషాన్ని ఎంచుకోమ్మా’ అంటే, నొప్పి చాలక నింద కూడా వేసినట్టుంటుంది. మీ శీర్షిక ఆ ధోరణిలో ఉంటే మార్చండి.

ఇక య సంగతి. ‘అని’ క్త్వార్థకం, అంటే ‘చేసి’, ‘చూసి’ లాంటి అసమాపక క్రియ. క్త్వార్థక ఇకారానికి సంధి లేదు, సంధి లేనిచోట రెండు అచ్చుల మధ్య ‘య్’ వచ్చి చేరుతుంది, దాన్నే యడాగమం అంటారు. అందుకే ‘మహానందమని యెంచుకొనుడి’, ‘కావని యెంచుచున్నాను’. అసలు మాట ‘ఎంచు’. ఇప్పటి రాతలో ‘సంతోషాన్నే ఎంచుకున్నాను’ అని విడిగా రాస్తే చాలు.