అరవై అయిదేళ్ళకు మొదలుపెట్టిన మనిషి కాదు కార్తోలా

"యాభై దాటిన తరువాత పాటలు రాయడం మొదలుపెట్టి పేరు తెచ్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా? నాకు యాభై నాలుగేళ్ళు, కాస్త ధైర్యం కావాలి" అని మీరు అడిగారు. నాకంటే ముందు జవాబిచ్చిన ఒకరు బ్రెజిల్ జనం ఆడిపాడుకునే సాంబా పాటల రచయిత కార్తోలా పేరు చెప్పి, ఆయన 65 ఏళ్ళ వయసులో సంగీతజీవితం ప్రారంభించారని రాశారు. మీకు ధైర్యం చెప్పాలన్న వారి ఉద్దేశం మంచిదే గాని, ఆ వాక్యం చదివినప్పటినుంచి నాకు మనసొప్పడం లేదు. కార్తోలా ఇరవై ఏళ్ళకే ఒక కొండ మొత్తం పాడుకునే పాటలు కట్టారు. 65 ఏళ్ళకు వచ్చింది ఆయన మొదటి సొంత రికార్డు మాత్రమే.

ఆయన పేరు నాకు చెప్పింది ఒక రాత్రి కాపలాదారు. 1994లో నేను ఫోర్త్ ఇంజనీరుగా పనిచేస్తున్న సరుకుల ఓడ మరమ్మతు కోసం రియో డి జనీరో రేవులో మూడు వారాలు ఆగిపోయింది. ఓడలోకి ఎక్కే మెట్లదారి, గ్యాంగ్‌వే దగ్గర రాత్రిపూట కూర్చునే ఆ పెద్దాయన అగ్గిపెట్టెను ఎడమచేతిలో పట్టుకొని, కుడిచేతి వేళ్ళతో దానిమీద తాళం వేస్తూ సన్నగా పాడుకునేవారు. అగ్గిపెట్టెలోని పుల్లల చప్పుడుతో సహా అది తాళంలోనే పడేది. ఇంజన్ రూమ్‌లో పన్నెండు గంటల పని ముగించుకొని పైకి వచ్చినవాడికి ఆ పాట ఎంత చల్లగా ఉండేదో చెప్పలేను. ఎవరిదని అడిగితే "కార్తోలా" అన్నారు. నాకు పోర్చుగీసు రాదు, ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని ఆదివారంనాడు నన్ను సెంట్రల్ స్టేషనులో లోకల్ రైలెక్కించి కార్తోలా ఉన్న కొండ, మాంగేయ్‌రాకు తీసుకువెళ్ళారు. గోడలన్నీ ఆకుపచ్చ, గులాబి రంగులే. మాంగేయ్‌రా అంటే మామిడిచెట్టు అని అక్కడే తెలిసింది. మామిడికి పోర్చుగీసువారు వాడే మాట మన దక్షిణాదినుంచి ఓడలెక్కి వెళ్ళినదేనని ఆయనకు వివరించబోయాను గాని, చేతి సైగలతో అది సాధ్యం కాలేదు.

కార్తోలా అసలు పేరు అంజెనోర్ డి ఒలివేరా. 1908లో రియోలో పుట్టారు; ఇంట్లో డబ్బు చాలక పదకొండేళ్ళప్పుడు కుటుంబమంతా ఆ కొండమీదికి మారింది. పదిహేనేళ్ళకు తల్లి పోయింది, తండ్రి ఇంట్లోనుంచి వెళ్ళగొట్టాడు. తాపీ పనికి వెళ్ళినప్పుడు జుట్టులో సిమెంటు పడకుండా గుండ్రటి గట్టి టోపీ ఒకటి పెట్టుకునేవారు. దానివల్ల వచ్చిన మారుపేరే కార్తోలా. 1928లో మిత్రులతో కలిసి ఎస్తసావ్ ప్రిమేరా డి మాంగేయ్‌రా అనే సాంబా బృందాన్ని స్థాపించి, దానికి ఆకుపచ్చ, గులాబి రంగులు ఎంచినదీ ఆయనే. నేటికీ రియో కార్నివాల్‌లో ఆ రంగులు కనబడితే జనం ఊగిపోతారు. ఇదంతా అయ్యేనాటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. దీన్ని ఆలస్యంగా మొదలుపెట్టడం అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఇక అసలు నేను చెప్పదలచుకున్న సంగతి. ఆ రోజుల్లో మారియో రేయిస్ అనే పేరున్న గాయకుడు ఒక సాంబా కొంటానని కొండమీదికి కబురు పంపాడు. పాట కొనుక్కోవడమేమిటి, ఈయనకు పిచ్చిగాని పట్టలేదు కదా అని కార్తోలా అనుకున్నారట. చివరికి ఒప్పుకొని, యాభై మిల్రేయిస్ (అప్పటి బ్రెజిల్ డబ్బు) అడుగుదామని మనసులో లెక్క వేసుకుంటే, పక్కనున్న స్నేహితుడు ఐదువందలు అడగమన్నాడు. అంత నోరు రాక భయపడుతూనే మూడువందలు అడిగారు. వచ్చినవాడు బేరమాడకుండా ఇచ్చేశాడు. ఆ పాట రేయిస్ గొంతుకు నప్పలేదని 1929లో ఫ్రాన్సిస్కో ఆల్వెస్ అనే మరో గాయకుడు రికార్డు చేశాడు. రచయితగా కార్తోలా పేరు నిలిచింది గాని, రికార్డు అమ్మకాల మీద హక్కు కొన్నవారికి పోయింది. తరువాత కూడా చాలా పాటలు ఇలాగే చేతులు మారాయి.

ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మా మేనమామ గుర్తుకు వస్తారు. ఆయన విజయనగరం చుట్టుపక్కల నాటక సమాజాలకు పాటలు, పద్యాలు రాసి ఇచ్చేవారు. పాటకు ఇరవై రూపాయలు, లేదా ఒక పూట భోజనం. కరపత్రం మీద హార్మోనియం వాయించేవారి పేరు, మైకుసెట్టు వారి పేరు కూడా ఉండేవి. మామయ్య పేరు ఉండేది కాదు. ఒకసారి నేను అడిగితే, "పాడేవాడికి నోరు తిరిగిందిరా, అది చాలు" అన్నారు. చాలదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. పాట విన్న జనానికి రాసినవారి పేరు ఎందుకు అక్కరలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఓడ మనిషిని కనుక ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 1940లో అమెరికా వాద్యబృంద నిర్దేశకుడు లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ తన బృందంతో ఉరుగ్వే అనే ఓడలో రియో వచ్చి, ఇక్కడి అసలైన సంగీతం వినిపించమని బ్రెజిల్ స్వరకర్త విలా లోబోస్‌ను అడిగారు. విలా లోబోస్ పిలిపించినవారిలో కార్తోలా ఉన్నారు. మిత్రుడు కార్లోస్ కషాసాతో కలిసి కట్టిన సాంబాను ఆయన మాంగేయ్‌రా వారి వంతపాటతో ఆ ఓడలోనే పాడగా రికార్డు చేసుకున్నారు; అది అమెరికాలో కొలంబియా కంపెనీ ద్వారా విడుదలైంది. అంటే సొంత ఊళ్ళో సొంత రికార్డు రావడానికి ముప్ఫై ఏళ్ళకు పైగా ముందే ఆయన గొంతు రేవు దాటి వెళ్ళిపోయిందన్నమాట.

ఆ తరువాతి ఏళ్ళు చీకటి. మెదడు పొరల వాపు జబ్బు చేసింది. కష్టకాలంలో ఆదుకున్న భార్య దెయొలిందా మరణించింది. కొండ విడిచి వెళ్ళిపోయారు. చనిపోయాడనే చాలామంది అనుకున్నారు. 1956లో ఒక తెల్లవారుజామున ఇపనేమా ప్రాంతంలో కార్లు కడిగే పనినుంచి తడి బట్టలతో వచ్చిన మనిషిని సెర్జియో పోర్తో అనే పాత్రికేయుడు గుర్తుపట్టారు. ఈ ఘట్టాన్ని అందరూ సినిమా క్లైమాక్సులా చెప్పుకుంటారు, నాకు అది చిరాకు. గుర్తుపట్టిన తరువాత కూడా మొదటి రికార్డుకు మరో పద్దెనిమిదేళ్ళు పట్టింది! ఆ మధ్యకాలంలో ఆయన ప్రభుత్వ కార్యాలయంలో కాఫీలు అందించే బంట్రోతుగా కూడా పనిచేశారు.

ఈలోగా జీకా అనే ఆవిడ ఆయన జీవితంలోకి వచ్చారు. 1963లో కరియోకా వీధిలో ఇద్దరూ కలిసి జికార్తోలా అనే భోజనశాల తెరిచారు. ఆమె వంట, ఈయన పాట. తరువాత పేరు తెచ్చుకున్న సాంబా గాయకుడు పౌలిన్యో డా వియోలా కుర్రవాడిగా ఉన్నప్పుడు పాడినందుకు మొదటిసారి డబ్బు అందుకున్నది అక్కడే. అయితే వ్యాపారం ఇద్దరికీ చేతకాక రెండేళ్ళలోపే మూతపడింది. 1964లో జీకాతో పెళ్ళి కోసం కాగితాలు తీయిస్తే, అంతవరకు తాను అజెనోర్ అనుకుంటున్న పేరు పుట్టుకపత్రంలో అంజెనోర్ అని ఉన్నట్టు తేలింది. యాభై అయిదేళ్ళు వచ్చాక తన పేరులో ఒక సున్న ఎక్కువ ఉందని తెలుసుకున్నవారు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

మొదటి రికార్డు 1974లో వచ్చింది. రెండోది 1976లో. ఆ రెండోదాన్నే నేను ఆ ఆదివారం తిరుగుదారిలో ఫుట్‌పాత్ మీద పాతవాటి కుప్పలో కొన్నాను; అట్ట మీద ఆయనా జీకా ఇంటి కిటికీలోనుంచి చూస్తూ ఉంటారు. పెరట్లో ఇన్ని గులాబీలు ఎందుకు పూశాయని జీకా అడిగితే, "ఏమో, గులాబీలు మాట్లాడవు కదా" అన్నారట. ఆ మాటే అందులోని పాట అయింది. కాపలాదారు అగ్గిపెట్టె మీద వాయించింది అదే. నాలుగు సొంత రికార్డులు, అవీ ఐదారేళ్ళలో. 1980 నవంబరు 30న క్యాన్సర్‌తో 72 ఏళ్ళకు కన్నుమూశారు.

కనుక ఆలస్యంగా మొదలుపెట్టినవారి జాబితాలో ఈయన పేరు మీకు పనికిరాదు, ఇంకొకరిని వెతుక్కోండి. అయినా మీరు ఇప్పుడే మొదలుపెడుతున్నానంటున్నారు గాని, గత ముప్ఫై ఏళ్ళలో ఏ డైరీ వెనకో నాలుగు చరణాలు రాసే ఉంటారని నా నమ్మకం. వాటిని తీసి తేదీలు, మీ పేరు వేసి పెట్టుకోండి. ఎవరైనా కొంటామని వస్తే మాత్రం మనసులో అనుకున్నదానికి ఆరు రెట్లు చెప్పండి. కార్తోలా భయపడుతూ అడిగింది అంతే.