పాత కన్సోల్ గేమ్‌లో సమయం ఎక్కడ ఖర్చవుతోందో తెరమీదే కొలవవచ్చు

శత్రువుల సంఖ్య పెరగగానే మీ నెస్ (నింటెండో పాత కన్సోల్) గేమ్ సగం వేగానికి పడిపోతోందని, అందుకు కారణమైన రొటీన్‌ను (ప్రోగ్రామ్‌లో ఒక పని చేసే భాగాన్ని) కనిపెట్టే మార్గం చెప్పమని అడిగారు. సగటు సమయాన్ని పక్కన పెట్టి, అన్నిటికన్నా బరువైన ఫ్రేమును (తెరమీద ఒకసారి గీసే పూర్తి బొమ్మను) కొలవండి. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల పాత టీవీ పద్ధతి) కన్సోల్‌లో ఒక్కో ఫ్రేముకు సీపీయూకు దక్కేవి దాదాపు 29,780 సైకిళ్లే (ప్రాసెసర్ గడియారపు టిక్కులే). ఆ గడువు కాస్త దాటినా మెయిన్ లూప్ తర్వాతి వీబ్లాంక్ (ఒక ఫ్రేము గీయడానికీ తర్వాతి దానికీ మధ్య విరామం) దాకా ఆగవలసి వస్తుంది కనుక, సెకనుకు 60 సార్లు కదలవలసిన ఆట 30 సార్లే కదులుతుంది.

తిరుపతిలో మా ఇంట్లో, ఎన్‌టీఎస్‌సీ కూడా చూపగల పాత సీఆర్‌టీ టీవీకి కన్సోల్ తగిలించి నేను పాటించే పద్ధతి ఇది. అనుమానమున్న రొటీన్ మొదట్లో పీపీయూ (బొమ్మ గీసే చిప్) మాస్క్ రిజిస్టర్, అంటే హెక్స్ 2001 చిరునామాలో, రంగు తీసేసే సున్నా బిట్‌ను 1 చేసి, చివర్లో మళ్లీ 0 చేయండి. ఆ రిజిస్టర్‌ను తిరిగి చదవలేం కాబట్టి దాని విలువను జీరో పేజీలో (మెమరీలోని మొదటి 256 బైట్లలో) దాచుకొని ఆ ఒక్క బిట్‌నే మార్చాలి. లేకపోతే స్ప్రైట్లు (కదిలే బొమ్మలు) మాయమైపోవచ్చు. రొటీన్ నడిచినంతసేపూ గీసిన లైన్లు రంగు కోల్పోయి, బూడిదరంగు పట్టీలా కనిపిస్తాయి. ఒక్కో స్కాన్‌లైన్ (తెరమీది ఒక్కో అడ్డగీత) సుమారు 113.67 సైకిళ్లు కనుక, 30 లైన్ల పట్టీ కనిపిస్తే దాదాపు 3,400 సైకిళ్లు ఖర్చయినట్టు.

నా గేమ్‌లో తూటాలు తగిలాయో లేదో చూసే రొటీన్‌ను ఇలా పరీక్షించినప్పుడు, పట్టీ పై అంచు కదలకుండా ఉండేది. కింది అంచు మాత్రం సన్నగా వణుకుతూ, తూటా తగిలిన ఫ్రేములో ఒక్కసారిగా కిందికి జారేది. మీరు వెతకవలసింది ఆ జారుడునే. నా గేమ్‌లో స్కోరును బైనరీ నుంచి దశాంశ అంకెల్లోకి మార్చే పని అక్కడ జరుగుతోంది. ఈ ప్రాసెసర్‌కు భాగహారం ఆదేశం లేదు, డెసిమల్ మోడ్ (దశాంశ అంకెలతోనే లెక్కించే విధానం) కూడా పనిచేయదు. అందువల్ల ఆ పని వరుస తీసివేతలతోనే సాగుతుంది. స్కోరులోని ఒక్కో అంకెను ఒక్కో బైటులో ఉంచగానే పట్టీ కుదుటపడింది.

వీబ్లాంక్‌లో జరిగే పని తెరమీద కనబడదు. మొత్తం ఎంత సమయం మిగులుతోందో తెలియాలంటే, ఖాళీగా ఎదురుచూసే లూప్‌లో రెండు బైట్ల కౌంటర్ పెంచుతూ, దానికి వచ్చిన అతి తక్కువ విలువను భద్రపరచండి. పరీక్షించే యంత్రం ఏదో కూడా చూసుకోండి: డెండీ తరహా పాల్ క్లోన్లలో (పాల్ అనే మరో టీవీ పద్ధతికి చేసిన నెస్ నకళ్లలో) ఫ్రేముకు 312 లైన్లు, దాదాపు 35,464 సైకిళ్లు దొరుకుతాయి కాబట్టి, అక్కడ సాఫీగా నడిచే ఆట ఎన్‌టీఎస్‌సీ కన్సోల్‌లో గడువు దాటవచ్చు.